చెక్కు ఎవరి పేరు మీద?

1931 జనవరి 3. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం. అక్కడ ఇంగ్లండ్ అనే పేరున్న ఒక చిన్న ఊరు. అంతకు ముందు వేసవిలో వానలు మొహం చాటేశాయి. చేలు నిలువునా ఎండిపోయాయి. ఆ రోజు చుట్టుపక్కల పల్లెల నుంచి వందల మంది రైతులు ఆ ఊరి బజారుకొచ్చి నిలబడ్డారు. పిల్లలు పస్తులున్నారు, తిండి ఇప్పించండి అని అడిగారు. అక్కడి రెడ్‌క్రాస్ శాఖలో సాయం ఎందుకు ఆగిపోయిందో తెలుసా? దరఖాస్తు ఫారాలు అయిపోయాయి. ఫారం నింపనిదే ఎవరికీ ఏమీ ఇవ్వకూడదని నిబంధన. చివరికి డబ్బు రెడ్‌క్రాస్ కడుతుందన్న మాట మీద ఊళ్లోని కొట్లవాళ్లే సరుకులు తీసి పంచారు.

సరిగ్గా అదే చలికాలంలో వాషింగ్టన్‌లో కాంగ్రెసు కరువు ప్రాంతాల రైతుల గురించి వాదించుకుంది. ఎట్టకేలకు 4.5 కోట్ల డాలర్లు అప్పుగా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో విత్తనాలు కొనుక్కోవచ్చు. ఎరువులు కొనుక్కోవచ్చు. నాగలి లాగే కంచరగాడిదకు మేత కొనుక్కోవచ్చు. రైతు ఇంట్లో పొయ్యి మీదికి మాత్రం కొనకూడదు. పశువుకు పెడితే అది పెట్టుబడి, మనిషికి పెడితే బిచ్చం అన్న లెక్క అది. ఈ లెక్క చదివినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది.

ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టింది అన్నది ఒక ఎత్తు. ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లింది అన్నది ఒక ఎత్తు. చరిత్ర పుస్తకాల్లో మొదటిది బాగా కనిపిస్తుంది. ఈ పూట మీతో రెండోదాని గురించే మాట్లాడాలని వచ్చాను.

సంగతి క్లుప్తంగా చెబుతాను. 1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలింది. సెప్టెంబరులో 381 దగ్గరున్న డౌ జోన్స్ సూచీ 1932 జులైలో 41కి దిగజారింది. షేర్లు కొన్నవాళ్లతో పోయేదే అయితే అది ఇంత కథ అయ్యేది కాదు. బ్యాంకులు మునిగాయి. 1930 నుంచి 1933 లోపు సుమారు 9,000 బ్యాంకులు తలుపులు మూశాయి. డిపాజిట్‌కు ఏ హామీ లేని రోజులవి. బ్యాంకు మూతపడితే కూతురి పెళ్లికి దాచుకున్నదీ, ముసలితనానికి దాచుకున్నదీ దానితోపాటే పోయాయి. 1929లో పౌనుకు 16, 17 సెంట్లు పలికిన పత్తి రెండేళ్లు తిరిగేసరికి 6 సెంట్ల దగ్గరికి పడిపోయింది. 1933 నాటికి పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. అంటే దాదాపు 1.28 కోట్ల మంది.

అప్పటి అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్. ఆయన్ని రాతిగుండె మనిషి అనడం అన్యాయం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆకలితో ఉన్న బెల్జియం ప్రజలకు ఓడల మీద తిండి చేరవేసిన మనిషి. 1927లో మిసిసిపీ నది పొంగినప్పుడు సహాయ కార్యక్రమాలు నడిపిన మనిషి. అలాంటివాడే సొంత దేశంలో ఆకలి వచ్చేసరికి, ఇరుగుపొరుగు, దాతృత్వ సంస్థలు, జిల్లా అధికారులు చూసుకోవాలి, కేంద్రం నేరుగా డబ్బిస్తే జనం పాడైపోతారు అని గట్టిగా నమ్మాడు. 1932 జనవరిలో పునర్నిర్మాణ ఆర్థిక సంస్థ ఒకటి పెట్టి బ్యాంకులకూ, బీమా కంపెనీలకూ, రైలు కంపెనీలకూ అప్పులిచ్చాడు. బ్యాంకు నిలబడితే ఊరు నిలబడుతుంది, ఊరు నిలబడితే కూలీకి పని దొరుకుతుంది. కాగితం మీద ఈ వరస బాగానే ఉంటుంది. కానీ బ్యాంకు దగ్గర్నుంచి కూలీ దాకా డబ్బు దిగివచ్చేలోపు కూలీ ఏం తినాలి?

1933 మార్చి 4న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రమాణ స్వీకారం చేశారు. అప్పటికే చాలా రాష్ట్రాల్లో బ్యాంకులు మూసేసో, సగం మూసేసో ఉన్నాయి. 6వ తేదీ నుంచి దేశమంతా బ్యాంకులకు సెలవు ప్రకటించారు. 12వ తేదీ ఆదివారం రాత్రి ఆయన రేడియో ముందు కూర్చున్నారు. మాట్లాడింది పావుగంటకు అటూ ఇటూ. మీరు బ్యాంకులో వేసిన డబ్బు పెట్టెలో పడి ఉండదు, అది అప్పుగా, బాండ్లుగా తిరుగుతూ ఉంటుంది, అందుకే అందరూ ఒకేసారి అడిగితే ఎంత మంచి బ్యాంకైనా ఇవ్వలేదు అని, బ్యాంకు లోపలికి ఎప్పుడూ తొంగిచూడని మనిషికి కూడా అర్థమయ్యేలా విడమరిచి చెప్పారు. ఏ రోజు ఏ ఊళ్లో బ్యాంకులు తెరుస్తారో, కొన్ని ఎందుకు తెరవబోరో దాచకుండా చెప్పారు. మర్నాడు బ్యాంకులు తెరిచాక, తీసుకోవడానికి వచ్చినవాళ్ల కంటే వేయడానికి వచ్చినవాళ్లే ఎక్కువ. మైకు ముందు కూర్చునే మాలాంటివాళ్లం ఆ పావుగంటను శ్రద్ధగా చదువుకోవాలి. ఆ ఏడాదే డిపాజిట్లకు బీమా చట్టమూ వచ్చింది. మొదట 2,500 డాలర్ల వరకు హామీ. మన దేశంలో ఈ ఏర్పాటు 1962లో మొదలైంది. ఇవాళ మీ ఖాతాకు ఉన్న 5 లక్షల రూపాయల హామీ ఆ కోవలోదే.

బ్యాంకులు తెరుచుకున్నాయి సరే. బ్యాంకు ఖాతాయే లేనివాళ్ల మాటేమిటి?

ఇక్కడ నాకు బాగా నచ్చిన మనిషి ఒకాయన కథలోకి వస్తాడు. పేరు హ్యారీ హాప్‌కిన్స్. అయోవా రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి గుర్రాల జీనులు, పట్టీలు కుట్టేవాడు. చదువయ్యాక న్యూయార్క్‌లో పేదల పేటల్లో సేవాసంస్థ కార్యకర్తగా చేరాడు. ఇరుకు ఇళ్లూ, క్షయ రోగులూ, అద్దె కట్టలేని తల్లులూ, వీళ్ల మధ్యే ఉద్యోగం నేర్చుకున్నాడు. 1933 మేలో కాంగ్రెసు 50 కోట్ల డాలర్లతో అత్యవసర సహాయ సంస్థను ఏర్పాటు చేసింది. ఈసారి రాష్ట్రాలకు ఇచ్చేది అప్పు కాదు, గ్రాంటు. దానికి హాప్‌కిన్స్ అధిపతి. ఆయన చేరిన రోజు గది ఇంకా సిద్ధం కాలేదు. వరండాలోనే బల్ల వేయించుకుని, అక్కడే కూర్చుని టెలిగ్రాములు పంపడం మొదలుపెట్టాడు. మొదటి రెండు గంటల్లో 50 లక్షల డాలర్లకు పైగా రాష్ట్రాలకు మంజూరు చేసేశాడు. ఈ వేగంతో పోతే డబ్బు నెల కూడా నిలవదని పత్రికలు రాశాయి. ఆయన లెక్కచేయలేదు. ఆకలికి ఫైలు కదిలేదాకా ఆగడం తెలియదని పేదల పేటల్లో చూసినవాడు.

అయితే డబ్బు రాష్ట్రాలకు చేరింది గానీ, అక్కడి నుంచి ఇంటికి చేరే దారి మాత్రం పాతదే. సాయం కావాలంటే ముందు విచారణాధికారి ఇంటికి వస్తారు. అలమర తెరిచి ఏముందో చూస్తారు. అన్నదమ్ములున్నారా, వాళ్లు పెట్టరా అని అడుగుతారు. అన్నీ అయ్యాక చాలాచోట్ల చేతికిచ్చేది డబ్బు కాదు, చీటీ. ఆ చీటీ మీద ఏ సరుకులు తీసుకోవచ్చో రాసి ఉంటుంది. కొట్లో నలుగురి ముందూ అది చూపించాలి. రేషన్ కార్డు కోసం, పెన్షన్ కోసం ఎంక్వయిరీకి వచ్చిన మనిషి ముందు తలొంచుకుని నిలబడ్డవాళ్లకు ఆ కష్టం నేను విడమరచి చెప్పక్కర్లేదు.

హాప్‌కిన్స్ ఒక మంచి పని చేశాడు. లొరీనా హికాక్ అనే మహిళ, పేరున్న పత్రికా విలేఖరి. ఆమెను ఊళ్ల మీదికి పంపాడు. నాకు అంకెలు వద్దు, జనం ఎలా ఉన్నారో చూసి రాయి అన్నాడు. ఆమె వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల ఊళ్లు తిరిగింది. డకోటా మైదానాల్లో మంచు పడే రోజుల్లో రైతుల ఇళ్లకు వెళ్లింది. ఒంటి మీద సరైన బట్ట లేనివాళ్లనూ, నిన్నమొన్నటిదాకా నలుగురికి పెట్టి ఇవాళ చేయి చాచలేక చితికిపోతున్నవాళ్లనూ చూసి ఉత్తరాలు రాసింది. ఆ ఉత్తరాలు హాప్‌కిన్స్‌కు ఒకటే మాట చెప్పాయి: వీళ్లు అడుగుతున్నది పని.

1933 నవంబరులో పౌర పనుల సంస్థ పుట్టింది. తలుపు తట్టి అలమరలు చూడటం ఇక అందరికీ లేదు. సగం మందిని సహాయం పొందుతున్న కుటుంబాల నుంచి తీసుకున్నారు, మిగతా సగానికి పని లేదని చెబితే చాలు. వారం వారం జీతం, అదీ నగదు. జనవరి సగానికొచ్చేసరికి 40 లక్షల మందికి పైగా పనిలో ఉన్నారు. రెండు నెలల్లో! రోడ్లు వేశారు, బడులు బాగుచేశారు, మురుగు కాలువలు తవ్వారు, విమానాలు దిగే మైదానాలు చదును చేశారు. ఖర్చు చూసి బెదిరి వసంతం వచ్చేసరికి ప్రభుత్వమే దాన్ని మూసేసింది. ఆ ఒక్క చలికాలం మాత్రం లక్షల ఇళ్లలో పొయ్యి వెలిగింది, అదీ తలెత్తుకుని.

మన పల్లెల్లో ఉపాధి హామీ పనిని కరువు పని అనే పిలుచుకుంటారు. అది 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అక్కడ గట్టు వేసిన కూలీకీ, అమెరికాలో కాలువ తవ్విన కూలీకీ మధ్య డెబ్బై ఏళ్లకు పైగా దూరం ఉంది. కానీ అడిగినవాడికి పని చూపించాలి, కూలి నేరుగా అతనికే చెల్లించాలి అన్న పట్టుదల రెండుచోట్లా ఒకటే.

రూజ్‌వెల్ట్ కాలంలో ఇలాంటివి చాలా వచ్చాయి, అన్నీ చెప్పబోను. అడవుల్లో పనిచేసే కుర్రాళ్ల దళం ఒకటుంది. మొదట్లో 18 నుంచి 25 ఏళ్ల వయసువాళ్లను తీసుకున్నారు. నెలకు 30 డాలర్ల జీతంలో 25 డాలర్లు నేరుగా ఇంటికి వెళ్లిపోయేవి. తొమ్మిదేళ్లలో వాళ్లు నాటిన మొక్కలు సుమారు 300 కోట్లు. 1935లో వచ్చిన పనుల ప్రగతి సంస్థ ఎనిమిదేళ్లలో 85 లక్షల మందికి పనిచ్చింది. అందులో ఒక చిన్న పని నాకు ఇష్టం. కెంటకీ కొండల్లో రోడ్లు లేని ఊళ్లకు గుర్రాల మీద, కంచరగాడిదల మీద ఆడవాళ్లు పుస్తకాల సంచులు మోసుకెళ్లేవారు. వాగులు దాటి, కొండచరియల అంచున నడిచి ఇంటింటికీ పుస్తకం ఇచ్చి, పాతది తీసుకుని వచ్చేవారు. పుస్తకాలు చాలకపోతే పాత పత్రికల్లోంచి వంటలూ, బొంత కుట్టే నమూనాలూ కత్తిరించి అతికించి కొత్త పుస్తకాలు తయారుచేసేవారు. నెలకు 28 డాలర్ల జీతం. అదే సంస్థ పని లేని రచయితలను పంపి, ఒకప్పుడు బానిసలుగా బతికి అప్పటికి ముదుసలులైన 2,300 మందికి పైగా నల్లవారి జ్ఞాపకాలు రాయించింది. మాంద్యం రాకపోతే ఆ గొంతులు వాళ్లతోపాటే మట్టిలో కలిసిపోయేవి.

ఈ పనులతో మాంద్యం పోయిందా అంటే, పోలేదు. 1937లో ఇక గట్టెక్కాం అనుకుని ఖర్చు తగ్గించేసరికి మళ్లీ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. నిరుద్యోగం పూర్తిగా తగ్గింది రెండో ప్రపంచ యుద్ధం ఖర్చుతోనే. దీన్ని చూపి సహాయమంతా వృథా అనేవాళ్లతో నేను ఏకీభవించను. జ్వరం మూలం దొరికేదాకా రోగికి గంజి పట్టకుండా ఎవరూ ఉండరు.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. పత్తి చేలల్లో.

పంట ఎక్కువై ధర పడిపోయింది కాబట్టి పంట తగ్గించాలి, తగ్గించిన రైతుకు పరిహారం ఇవ్వాలి. ఇది 1933 నాటి వ్యవసాయ సర్దుబాటు చట్టం. అప్పటికే పత్తి మొలిచి పెరుగుతోంది. కోటి ఎకరాలకు పైగా పచ్చని చేనును దున్నించేశారు. చాలు మధ్య నడవాలి, మొక్క తొక్కకూడదు అని చిన్నప్పటి నుంచీ నేర్పిన కంచరగాడిదలు ఆ మొక్కల మీదికి అడుగు వేయడానికి మొరాయించాయని చెబుతారు. దేశంలో జనం చిరుగు బట్టలతో ఉన్న ఏడాదే ఇది జరిగింది.

ఇంతకీ పరిహారం చెక్కు ఎవరి పేరు మీద వచ్చింది? భూయజమాని పేరు మీద. దక్షిణ రాష్ట్రాల్లో ఆ చేను దున్నింది, విత్తింది, కలుపు తీసింది మాత్రం పాలుకు చేసే రైతు. యజమాని కంచరగాడిద, యజమాని విత్తనం, పంటలో సగం యజమానిది. మిగిలిన సగం కూడా యజమాని కొట్లో ఖాతాకే జమ. చెక్కులో పాలు రైతుకు కొంత వాటా ఇవ్వాలని ఒప్పందంలో ఉన్నా, అది యజమాని చేతుల మీదుగానే రావాలి. పాత బాకీ కింద పోయింది అని ఒక్క మాట అంటే అయిపోయింది. పైగా సాగు తగ్గింది కాబట్టి పాలుకాపులూ తగ్గాలి. సామాన్లు రోడ్డు మీద పడ్డాయి. సాయం కోసం వచ్చిన చట్టమే లక్షల మంది పేద సాగుదారుల బతుకు కింద నేల లాగేసింది.

1934 జులైలో ఆర్కన్సాలోని టైరొంజా దగ్గర ఒక బడిలో 18 మంది సమావేశమయ్యారు. 11 మంది తెల్లవారు, ఏడుగురు నల్లవారు. ఆ రోజుల్లో, ఆ రాష్ట్రంలో, ఇద్దరూ ఒకే సంఘంలో కూర్చోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. దక్షిణ కౌలు రైతుల సంఘం అలా పుట్టింది. వాషింగ్టన్‌లో వ్యవసాయ శాఖ న్యాయవాదులు కొందరు వాళ్ల పక్షాన నిలిచి, చెక్కు తీసుకున్న యజమాని ఉన్న పాలుకాపులనే కొనసాగించాలని ఒప్పందానికి అర్థం చెప్పబోయారు. 1935 ఫిబ్రవరిలో ఆ న్యాయవాదుల ఉద్యోగాలే పోయాయి. కాంగ్రెసులో దక్షిణాది భూస్వాముల పలుకుబడి అంతటిది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన సామాజిక భద్రతా చట్టం ముసలితనానికి పింఛను ఇచ్చింది, కానీ వ్యవసాయ కూలీలనూ, ఇళ్లలో పనిచేసేవాళ్లనూ వదిలేసింది. నల్లవారిలో ఎక్కువమంది చేసే పనులు ఆ రెండే. వాళ్లలో కొందరికైనా ఆ తలుపు తెరుచుకోవడానికి ఇంకో 15 ఏళ్లు పట్టింది.

తర్వాత పత్తి పరిహారం నిబంధన మార్చారు. చెక్కులో పాలు రైతుకు పెద్ద వాటా నేరుగా రావాలన్నారు. యజమానులు ఏం చేశారు? పాలుకాపులను మాన్పించి రోజుకూలీలను పెట్టుకున్నారు. కూలీకి వాటా ఇవ్వక్కర్లేదు కదా. 1939 జనవరిలో మిజోరి రాష్ట్రం ఆగ్నేయ మూలన అలా వెళ్లగొట్టిన కుటుంబాలు, వెయ్యి మందికి పైగా జనం, మంచాలూ పొయ్యిలూ పిల్లలతో సహా హైవే పక్కన గుడారాలు వేసుకుని కూర్చున్నారు. గడ్డకట్టే చలిలో. దేశమంతా ఆ ఫోటోలు చూసింది. ప్రజారోగ్యానికి ప్రమాదం అని చెప్పి పోలీసులు వాళ్లను అక్కడి నుంచి తరలించారు.

ఆ మాంద్యం మన వాకిలి కూడా తొక్కింది. కృష్ణా గోదావరి డెల్టాల్లో ధాన్యం ధర సగానికి పైగా పడిపోయింది. శిస్తు మాత్రం రూపాయల్లోనే కట్టాలి, అప్పు మీద వడ్డీ రూపాయల్లోనే కట్టాలి. ఒంటి మీది బంగారం అమ్ముకున్నారు. 1931 తర్వాత దేశం నుంచి ఓడలకెక్కిన బంగారంలో ఇలా ఊళ్లలో ఒలిచిందే చాలా ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని ఆపలేదు. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం వచ్చాక, 1938లో రైతు రుణ ఉపశమన చట్టం చేశారు. 1932 అక్టోబరు 1కి ముందు తీసుకున్న అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ అంతా రద్దు. అది గొప్ప ఊరట, సందేహం లేదు. అదే ఏడాది ఇచ్ఛాపురం నుంచి బయల్దేరిన రైతులు తొమ్మిది జిల్లాలు కాలినడకన తిరిగి తమ గోడు వినిపించారు. కానీ భూమి మీద ఏదో ఒక హక్కు ఉన్నవాళ్లకే ఆ చట్టంలో చోటు. ఏ హక్కూ లేని పాలేరు షావుకారుకు రాసిచ్చిన నోటు ఎలా ఉన్నది అలాగే ఉంది.

ఇప్పటి మాట కూడా అనకుండా ఎలా ఉంటాను? 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైంది. మొదట్లో ఎకరానికి, పంటకు 4,000 రూపాయలు ఇచ్చారు. పట్టాదారు పాసు పుస్తకంలో ఉన్న పేరుకే. ఎకరాకు ఇంతని ముందే కౌలు కట్టి, పత్తి వేసి, పురుగుమందు అప్పు నెత్తిన వేసుకున్న కౌలు రైతు పేరు ఆ జాబితాలో లేదు. ఆంధ్రలో 2011లో సాగుదారుకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది, 2019లో మరో చట్టం వచ్చింది. కానీ 2019 చట్టం కింద కార్డు రావాలంటే యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం పెడితే రేపు భూమి మీద హక్కంటారేమో అని యజమాని భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది కౌలుకు ఇవ్వరేమో అని రైతు భయం. మిజోరి పాలుకాపు భయమూ ఇదే.

ఆంధ్రలో ఈ-క్రాప్ నమోదు ఉంది. ఊళ్లో ఉండే ప్రభుత్వ ఉద్యోగి పొలం గట్టు మీద నిలబడి, ఏ సర్వే నంబరులో ఏ పంట ఉంది, వేసింది ఎవరు అని ఫోటోతో సహా ఎక్కించే ఏర్పాటు. గట్టు మీద కనబడ్డ సాగుదారు పేరు ప్రభుత్వం దగ్గర ఉన్నప్పుడు, పెట్టుబడి సాయమైనా, పంట నష్ట పరిహారమైనా ఆ పేరుకు పంపడానికి ఇంకొకరి సంతకం ఎందుకు అడగాలి? ఈ ప్రశ్న మీ గ్రామసభలో లేవనెత్తండి. కౌలుకు ఇచ్చినవాళ్లు కూడా, దయచేసి, తీసుకున్నవాళ్ల పక్కన నిలబడి అడగండి.